మూగబోయిన ల్యాండ్‌లైన్: అక్కర్లేని చార్జీల్లేకుండా రీకనెక్షన్ – ప్రాజెక్టు డైరీ

రాగి తీగల మీద నడిచిన పాత ఇంటి ఫోను. కనెక్షన్ తీసేసి చాలాకాలమైంది, వైరింగ్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఆ వైరుతోనే లైను మళ్లీ పనిచేయాలి. బిల్లులో నెలవారీ రుసుము కాక, రీకనెక్షన్ రుసుము తప్ప ఇంకో పద్దు కనపడకూడదు.

ఈ పనిలో డబ్బు పోయేది చాలావరకు కంపెనీకి ఫోన్ చేసి "మాకు లైను కావాలండీ" అన్న మొదటి మాట దగ్గరే. అవతల కూర్చున్నవాళ్లు దాన్ని కొత్త కనెక్షన్ కింద నమోదు చేస్తే చాలు, వెనకాలే ఇన్‌స్టాలేషన్, మనిషి రాక, వైరు, సాకెట్లు వచ్చి చేరతాయి. అందుకే ఇక్కడ వరస తిరగేశాం: ముందు మల్టీమీటరుతో లైను పరీక్ష, ఆ తర్వాతే కంపెనీకి ఫోను.

బిల్లులోకి రాగల పద్దులు మొత్తం 9:

1. కొత్త కనెక్షన్ / ఇన్‌స్టాలేషన్
2. ఇంటికి మనిషిని పంపినందుకు
3. ఇంటి లోపలి వైరింగ్ పని
4. కొత్త సాకెట్లు
5. ఫోను అద్దె
6. అడగని అదనపు సేవలు
7. ఫిర్యాదు మీద వచ్చి "తప్పు మాది కాదు, మీ ఇంట్లో ఉంది" అని తేల్చినందుకు వేసే చార్జీ
8. పాత బకాయి, డిపాజిట్
9. రీకనెక్షన్ రుసుము

చివరిది తప్పదు. మిగతా ఎనిమిదీ ఒక్కొక్కటిగా కొట్టేయడమే పని.

దశ 1: సామాను

- డిజిటల్ మల్టీమీటర్. కెపాసిటెన్స్‌ను నానోఫారడ్లలో చూపించేదై ఉండాలి. 3వ దశ మొత్తం దాని మీదే నడుస్తుంది.
- కరెంటు అడాప్టర్ అక్కర్లేని, తీగ ఉన్న మామూలు ఫోను. కార్డ్‌లెస్ ఫోనుతో లైను పరీక్షించొద్దు. దాని బేస్‌కు కరెంటు లేకపోతే లైను బాగున్నా చచ్చినట్టే కనిపిస్తుంది.
- క్రొకడైల్ క్లిప్పులున్న తీగలు 2 జతలు
- రెండు తీగలు కలిపే జెల్ కనెక్టర్లు, ఒక 8
- చిన్న స్క్రూడ్రైవర్, ప్లయర్, కటింగ్ ప్లయర్
- పొడవు తెలిసిన టెలిఫోన్ వైరు ముక్క, 20 మీటర్లది
- మాస్కింగ్ టేపు, పెన్ను

లైవ్ లైనులో మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది. దాంతో పెద్ద ప్రమాదం లేదు. కానీ రింగ్ వచ్చే క్షణాన అదే తీగల మీద 75 నుంచి 90 వోల్టుల ఏసీ వస్తుంది, గట్టిగా కొడుతుంది. ఉరుములు మెరుపులు ఉన్న రోజు రోసెట్ (బయటి లైను ఇంటి వైరును కలిసే పెట్టె) తెరవొద్దు. ఇంకో మాట: లైవ్ లైను మీద మీటరును ఓమ్‌లలో పెట్టొద్దు. వచ్చే అంకె అబద్ధం, చౌక మీటరైతే పాడవుతుంది కూడా.

దశ 2: రోసెట్ దగ్గర మొదటి రీడింగులు

స్తంభం నుంచి ఇంటికి వచ్చే కంపెనీ తీగ (డ్రాప్ వైరు) ముగిసి, ఇంటి వైరు మొదలయ్యే చిన్న పెట్టె రోసెట్. చాలా దేశాల్లో బాధ్యత గీత కూడా ఇక్కడే: బయటివైపు కంపెనీది, లోపలివైపు ఇంటివాళ్లది. కాబట్టి ప్రతి రీడింగూ ఈ గీతకు ఏ వైపున తీసిందో పక్కనే రాసుకోవాలి. ఆ వైపు రాయని అంకె ఎంత బాగున్నా వాదనకు పనికిరాదు.

1. ఇంట్లో ఫోన్లు, ఫ్యాక్సు, మోడెం, ఫిల్టర్లు అన్నీ సాకెట్ల నుంచి పీకేయాలి.
2. రోసెట్‌లో ఇంటివైపు తీగలు విప్పి, ఏ శాఖ ఏదో టేపు మీద రాసి అంటించాలి.
3. బయటి జత (కంపెనీవైపు నుంచి వచ్చే రెండు తీగలు) మీద డీసీ వోల్టేజీ చూడాలి.
4. అదే జత మీద ఏసీ వోల్టేజీ చూడాలి.
5. ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య మళ్లీ రెండూ చూడాలి.

వచ్చిన అంకెలు: డీసీ 0.00, ఏసీ 0.3 నుంచి 0.6 మధ్య ఊగులాట.

ఆ 0.3 చూసి "కొంచెం కరెంటు వస్తోంది" అనుకోవద్దు. మల్టీమీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. రెండో చివర ఎక్కడా కలవని పొడవాటి తీగ పక్కనున్న కరెంటు లైన్ల నుంచి ఇంతమాత్రం పీల్చుకుంటుంది. మీటరు కొనల మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెడితే అంకె సున్నాకు పడిపోతుంది.

ఇక్కడ 45 నుంచి 55 వోల్టుల డీసీ కనిపిస్తే కథ వేరు. రోసెట్‌కే ఫోను తగిలించి వినాలి. కొన్ని ఎక్స్ఛేంజీలు కనెక్షన్ తీసేసినా డయల్ టోన్ ఉంచుతాయి; అత్యవసర నంబర్లకు తప్ప కాల్ వెళ్లదు, రికార్డు చేసిన మాట వినిపిస్తుంది. అలా ఉంటే తీగ ఎక్స్ఛేంజీ దాకా కలిసే ఉన్నట్టు. ఇక పని అంతా కంపెనీ కంప్యూటర్‌లోనే, 3వ దశ వదిలేయొచ్చు. ఇంకెవరి మాటలో వినిపిస్తే మాత్రం ఆ జతను వేరే ఇంటికి ఇచ్చేశారన్నమాట. ఫోను పెట్టేసి, ఆ సంగతి ఆర్డర్‌లో చెప్పాలి.

పద్దు: 9లో ఇంకా 9.

దశ 3: తీగ ఎంత దూరం వెళ్తోంది?

ఈ దశను చాలామంది వదిలేస్తారు. డబ్బు అత్యధికంగా మిగిలేది మాత్రం ఇక్కడే. బయటి జత చచ్చి ఉంది సరే, ఎక్కడ తెగింది? స్తంభం మీద ఇళ్లకు తీగలు పంచే డీపీ పెట్టెలోనా, ఎక్స్ఛేంజీలోనా? డీపీలో తెగితే ఎవరో ఒకరు వచ్చి స్తంభం ఎక్కాల్సిందే. ఎక్స్ఛేంజీలో ఎమ్‌డీఎఫ్ (బయటి జతలన్నీ వచ్చి చేరే చట్రం) మీద జంపర్ (జతను ఎక్స్ఛేంజీ యంత్రానికి కలిపే చిన్న తీగ) మాత్రమే తీసేసి ఉంటే ఇంటి దగ్గరికి ఎవరూ రానక్కర్లేదు.

టెలిఫోన్ జత పక్కపక్కనే నడిచే రెండు తీగలు కాబట్టి అదే ఒక కెపాసిటర్. పొడవు పెరిగేకొద్దీ విలువ పెరుగుతుంది. మామూలు టెలిఫోన్ కేబుల్‌కు కిలోమీటరుకు 50 నానోఫారడ్ల చుట్టుపక్కల ఉంటుంది.

1. డీసీ, ఏసీ వోల్టేజీలు లేవని ఇంకోసారి చూసుకోవాలి.
2. ముందు జత మధ్య నిరోధం చూడాలి. మీటరు కొలవలేనంత ఎక్కువ రావాలి. తడి పట్టిన జతలో లీకేజీ ఉంటుంది, అప్పుడు కెపాసిటెన్స్ అంకె ఉబ్బిపోయి కనిపిస్తుంది.
3. 20 మీటర్ల ముక్కను కొలిచి లెక్క సరిచేసుకోవాలి. ఇక్కడ 1.1 నానోఫారడ్లు వచ్చింది, అంటే కిలోమీటరుకు 55.
4. బయటి జత కొలవాలి.

వచ్చింది 116 నానోఫారడ్లు. 116ను 55తో భాగిస్తే సుమారు 2.1 కిలోమీటర్లు. డీపీ స్తంభం రోసెట్‌కు 50 మీటర్ల దూరంలోనే ఉంది. అక్కడే తెగి ఉంటే 3 నానోఫారడ్లు దాటకూడదు. కాబట్టి జత డీపీని, రోడ్డు పక్క క్యాబినెట్‌ను దాటి ఎక్స్ఛేంజీ వైపు చాలా దూరం వెళ్తోంది. ఒక్కో తీగకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే రెండు అంకెలూ దాదాపు ఒకటే. ఒకటి బాగా తగ్గి ఉంటే ఆ తీగ దారిలో విరిగినట్టు.

ఈ లెక్కకు ఓ పది, పదిహేను శాతం అటూఇటూ ఉంటుంది. డ్రాప్ వైరుకూ భూమిలోని కేబుల్‌కూ విలువలు ఒకటి కావు. అయినా 50 మీటర్లో 2 కిలోమీటర్లో తేల్చడానికి అంత సూక్ష్మం అక్కర్లేదు.

డీపీ పెట్టె మాత్రం సొంతంగా తెరవొద్దు. అది కంపెనీ ఆస్తి, పైగా పొరపాటున పక్క ఇంటి జత కదిలితే ఆ గొడవ వేరే.

పద్దు: 2వ అంశం మీద వాదనకు ఆధారం చిక్కింది. ఇంకా 9.

దశ 4: ఇంటి వైరింగ్

రోసెట్ నుంచి రెండు శాఖలు. శాఖ "ఎ" మీద 1, 2, 3 సాకెట్లు. శాఖ "బి" మీద పాత అలారం ప్యానెల్ సాకెట్, దాని తర్వాత 4, 5.

ఒక్కో శాఖకు రెండు పరీక్షలు. రెండూ చేయాలి, ఒకటి చేసి ఆపితే లాభం లేదు.

1. చివరలు విడిగా ఉంచి జత మధ్య నిరోధం: మెగా ఓమ్‌లలో ఉండాలి.
2. చివరి సాకెట్ దగ్గర రెండు తీగలూ క్లిప్పుతో కలిపి, రోసెట్ దగ్గర నిరోధం: 0.5 మిల్లీమీటర్ల రాగి తీగైతే పొడవు మీటరుకు సుమారు 0.18 ఓమ్ చొప్పున, రానూపోనూ కలిపి.

మొదటి పరీక్షలో "ఎ" 38 కిలో ఓమ్‌లు చూపింది, "బి" మీటరు కొలవలేనంత. చూడ్డానికి "బి" భేషుగ్గా ఉంది. రెండో పరీక్షలో అసలు సంగతి బయటపడింది: చివర కలిపినా "బి" అంతే చూపుతోంది. దారిలో తెగిన తీగకు లీకేజీ ఎలాగూ ఉండదు కదా.

*శాఖ ఎ, 38 కిలో ఓమ్‌లు.* ఒక్కో సాకెట్ విప్పుతూ పోతే 3వది తేలింది. తడి గోడ, స్క్రూల మధ్య ఆకుపచ్చ పొడి. 48 వోల్టుల మీద 38 కిలో ఓమ్‌లంటే 1.3 మిల్లీ ఆంపియర్లు, దాంతో లైను ఆగదు, గరగర మాత్రం వస్తుంది. అదే వానాకాలం తడికి 5 కిలో ఓమ్‌లకు దిగితే దాదాపు 10 మిల్లీ ఆంపియర్లు. రిసీవర్ ఎత్తారని ఎక్స్ఛేంజీ భ్రమపడేది అక్కడే. కాసేపు డయల్ టోన్ ఇచ్చి, ఎవరూ డయల్ చేయకపోతే లైనును పక్కన పెట్టేస్తుంది. "వానొస్తే ఫోన్ పనిచేయదు" అనే ఇళ్లలో ఇది చాలా మామూలు కారణం. గోడ తడి తగ్గకుండా కొత్త సాకెట్ పెట్టినా మళ్లీ ఇదే గతి. అందుకని 3వ సాకెట్ తీసేసి, తీగ చివరలు వేర్వేరుగా మూసేశాం.

*శాఖ బి, తెగుదల.* తీగలో లోపం లేదు. అలారం కోసం వాడే సాకెట్ లైనును తన గుండా తిప్పుతుంది: ప్లగ్గు దూర్చగానే నేరు దారి తెరుచుకుపోయి, లైను ప్యానెల్‌లోకి వెళ్లి తిరిగి బయటికొస్తుంది. ప్యానెల్ ఎప్పుడో పీకేశారు, ప్లగ్గూ దాని తీగ తోకా మాత్రం సాకెట్‌లోనే మిగిలాయి. దాంతో లైను అక్కడితో ఆగింది. ప్లగ్గు లాగేయగానే లోపలి పత్తీలు కలిసి దారి మూసుకుంది. ఖర్చు సున్నా. కనపడకపోతే మాత్రం మనిషి రాక, వైరింగ్ చార్జీ రెండూ పడే చోటు ఇదే.

*5వ సాకెట్.* పొడవు 40 మీటర్లు, రావాల్సింది 7 ఓమ్‌లు. వచ్చింది 214, పైగా తీగ కదిలిస్తే మారుతోంది. అటక మీద మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్ దొరికింది. కోసేసి జెల్ కనెక్టర్లు వేశాం:

1. తీగల మీది తొడుగు ఒలవొద్దు. కనెక్టర్ లోపలి పత్తీయే దాన్ని కోసుకుని రాగిని పట్టుకుంటుంది.
2. రెండు తీగల కొనలూ లోపలి గోడకు తగిలేదాకా తోయాలి. కనెక్టర్ పారదర్శకంగా ఉంటుంది, కళ్లతో చూసుకోవచ్చు.
3. బటన్‌ను ప్లయర్ లోపలి వెడల్పు భాగంతో సమంగా నొక్కాలి. కొసతో నొక్కితే బటన్ ఏటవాలుగా దిగి ఒక తీగ పట్టు దొరక్క ఉండిపోతుంది. పైకి అంతా సరిగ్గానే కనిపిస్తుంది.
4. ఒక్కో తీగను మెల్లగా లాగి చూడాలి.

తర్వాత రీడింగు 7.3 ఓమ్‌లు.

సాకెట్ల లెక్క: 5లో 4 సరి, 1 తీసేత. పద్దు: 3, 4 పోయాయి. మిగిలినవి 7.

దశ 5: రింగ్ భారం

ఫోను అడుగున ఆర్‌ఈఎన్ అని ఒక అంకె ఉంటుంది, దాని గంట లైను మీద వేసే భారం అది. లైను మోగించగల మొత్తం భారానికి హద్దు ఉంటుంది: కొన్ని దేశాల్లో 5, కొన్నిచోట్ల 4 లేదా 3. తగిలించబోయేవి కూడుకోవాలి.

- గంట ఉన్న పాత ఫోను: 1.0
- కార్డ్‌లెస్ బేస్: 0.3, మొత్తం 1.3
- ఫ్యాక్సు: 0.7, మొత్తం 2.0

హద్దు దాటితే లైను బాగానే ఉంటుంది, రింగ్ మాత్రం రాదు లేదా నీరసంగా వస్తుంది. ఫోన్లన్నీ సొంతవే కనుక అద్దె అంశమూ అక్కర్లేదు.

పద్దు: 5 పోయింది. మిగిలినవి 6.

దశ 6: కంపెనీతో మాట

చేతిలో ఉండాల్సినవి: పాత నంబరు, పాత బిల్లు మీది ఖాతా నంబరు, 3వ దశ అంకె. చెప్పాల్సిన మాట దాదాపు ఇలా:

"కొత్త కనెక్షన్ కాదండీ. ఇంతకుముందున్న లైనునే మళ్లీ కలపాలి. డ్రాప్ వైరు రోసెట్ దాకా ఉంది, ఇంటి వైరింగ్ మాదే, ఫోను మాదే. ఎమ్‌డీఎఫ్ దగ్గర జంపర్ వేసి ముందు లైను టెస్ట్ చేయండి. టెస్ట్‌లో తేడా వస్తేనే మనిషిని పంపండి."

ఆఖరి రెండు వాక్యాలే ముఖ్యం. చాలా కంపెనీల సిస్టమ్‌లో మనిషి రాక దానంతటదే టిక్ అయి ఉంటుంది. తీసేయమని అడిగితే తప్ప ఎవరూ తీయరు. ఎక్స్ఛేంజీ నుంచి టెస్ట్ చేసినప్పుడు చివర ఫోను గంట కనిపిస్తే జత ఇంటిదాకా వచ్చిందని వాళ్లకు ఋజువు. అందుకని ఆర్డర్ పెట్టిన రోజు నుంచి గంట ఉన్న పాత ఫోనును నేరుగా రోసెట్‌కే తగిలించి ఉంచాలి. వట్టి తీగ చివర ఉంటే తెగిన లైనుకూ దానికీ తేడా వాళ్లకు తెలియదు.

వరసగా అడగాల్సినవి:

1. ఆర్డర్ ఏ రకం కింద రాశారు? రీకనెక్షన్ అన్న మాట వాళ్ల నోట వినాలి.
2. మొదటి బిల్లులో వచ్చే ప్రతి పద్దూ చదివి వినిపించండి.
3. పాత నంబరు ఇంకా ఖాళీగా ఉందా? వదిలేసిన నంబరును కొంతకాలం పక్కన ఉంచి తర్వాత వేరేవాళ్లకు ఇచ్చేస్తారు.
4. బకాయి ఉందంటే ఏ నెల బిల్లు? పాత డిపాజిట్‌ను అందులో సర్దారా?
5. కాలర్ ఐడీ, వాయిస్ మెయిల్, వైరింగ్ మెయింటెనెన్స్ ప్లాన్: ఏవీ వద్దు. "మొదటి నెల ఉచితం" అన్నవి కూడా వద్దు.
6. డాకెట్ నంబరు (ఆర్డర్ నమోదు సంఖ్య), ఇదంతా రాతపూర్వకంగా.

రాగి లైన్లు ఇక ఇవ్వడం లేదు, ఫైబరే అంటే ఇన్‌స్టాలేషన్ తప్పకపోవచ్చు. ఇంటి వైరింగ్ మాత్రం వృథా కాదు. రోసెట్‌లో బయటి జతను పూర్తిగా విప్పేసి, ఫైబర్ పెట్టె వాయిస్ పోర్టు నుంచి తీగను దగ్గరి సాకెట్‌కు ఇస్తే మిగతా సాకెట్లన్నీ మోగుతాయి. బయటి జత విప్పకుండా చేస్తే ఎక్స్ఛేంజీ వోల్టేజీ, పెట్టె వోల్టేజీ ఎదురెదురుగా తగిలి పోర్టు కాలిపోవచ్చు. కరెంటు పోతే ఫోనూ పోతుంది, బ్యాటరీ బ్యాకప్ సంగతి అప్పుడే ఆలోచించుకోవాలి.

పద్దు: 1, 2, 6, 8 పోయాయి. మిగిలినవి 2.

దశ 7: లైను వచ్చాక

రోసెట్ దగ్గర 49.6 వోల్టులు. డయల్ టోన్ ఉంది, కాల్ వెళ్లింది. మాట మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది.

రిసీవర్ పెట్టి ఉన్నప్పుడు వచ్చే 48, 50 వోల్టులు లైను బాగుందనడానికి సాక్ష్యం కావు. మీటరు కరెంటు దాదాపు లాగదు కాబట్టి దారిలో వేల ఓమ్‌ల తుప్పు ఉన్నా అంకె తగ్గదు. అసలు పరీక్ష రిసీవర్ ఎత్తినప్పుడే.

1. ఇంటివైపు తీగలన్నీ విప్పి, ఫోను ఒక్కటే రోసెట్‌కు తగిలించాలి.
2. రిసీవర్ ఎత్తి వోల్టేజీ చూడాలి: 3.8.
3. ఒక తీగను విప్పి, ఆ మధ్యలో మీటరును సిరీస్‌లో పెట్టి కరెంటు చూడాలి: 15 మిల్లీ ఆంపియర్లు.

లెక్క: లైనుకు కరెంటు ఇచ్చే ఎక్స్ఛేంజీ పరికరం నిరోధం (ఫీడ్ నిరోధం) 400 ఓమ్‌లు అనుకుందాం. 0.4 మిల్లీమీటర్ల తీగ 2.1 కిలోమీటర్లకు రానూపోనూ దాదాపు 580, ఫోను 250. మొత్తం 1,230. 49.6ను దీంతో భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు రావాలి. 15 వస్తోందంటే మొత్తం 3,300 ఓమ్‌లు. ఎక్కడో 2,000 ఓమ్‌లకు పైగా అదనంగా కూర్చుంది. తుప్పు పట్టిన జాయింటే అంత నిరోధానికి మామూలు కారణం. లైనుకు 20 మిల్లీ ఆంపియర్ల లోపు వస్తుంటే ఫిర్యాదుకు గట్టి కారణమే. (కొత్త ఎక్స్ఛేంజీ కార్డులు కరెంటును 20, 25 దగ్గరే ఆపేస్తాయి. అక్కడ రిసీవర్ ఎత్తినప్పుడు 5, 6 వోల్టులే మామూలు, కంగారు పడొద్దు.)

ఫిర్యాదులో రాసింది: "ఇంటి వైరింగ్ విప్పేసి, రోసెట్ బయటి జత మీద: రిసీవర్ పెట్టినప్పుడు 49.6 వోల్టులు, ఎత్తినప్పుడు 3.8 వోల్టులు, 15 మిల్లీ ఆంపియర్లు." మాట సరిగా వినపడట్లేదని మాత్రమే రాస్తే ముందు ఇంటి వైరింగ్ మీదే అనుమానం పడుతుంది, 7వ పద్దు వచ్చేది అలాగే. లోపం డీపీలోని జాయింట్‌లో దొరికింది. మార్చాక 38 మిల్లీ ఆంపియర్లు, 9.4 వోల్టులు. లైన్‌మన్ ఉండగానే ఇంటివైపు శాఖలు ఒక్కొక్కటే కలుపుతూ ఇదే రీడింగు మళ్లీ తీయడం మంచిది. ఒక శాఖ కలపగానే అంకె మారితే తప్పు ఎటుందో ఇద్దరి ముందే తేలుతుంది.

పాత బటన్ ఫోను తగిలిస్తే టోన్ వినిపించి, నంబర్లు నొక్కితే శబ్దం రాకపోవడం ఇంకో చిక్కు. జత తిరగబడింది. రోసెట్‌లో రెండు తీగలూ అటుదిటు మారిస్తే సరి. కొత్త ఫోన్లకు ఈ పట్టింపు లేదు.

పద్దు: 7 పోయింది. మిగిలింది 1.

దశ 8: మొదటి బిల్లు

1. నెలవారీ రుసుము డయల్ టోన్ వచ్చిన తేదీ నుంచి మొదలవ్వాలి, ఆర్డర్ తేదీ నుంచి కాదు.
2. డీపీ జాయింట్ కోసం వచ్చిన రాకకు చార్జీ పడిందా చూడాలి. పడితే ఫిర్యాదు నంబరు, రోసెట్ రీడింగులు చెప్పి తీయించాలి.
3. నెలవారీ వరసలో తెలియని పేరు ఏదైనా ఉంటే అది సాధారణంగా మెయింటెనెన్స్ ప్లానే. మొదటి నెల సున్నా చూపించి రెండో నెల నుంచి మొదలవుతుంది, కాబట్టి రెండో బిల్లూ చదవాలి.
4. లైను చచ్చి ఉన్న రోజులకు తగ్గింపు నియమం ఉంటే ఫిర్యాదు తేదీతో అడగాలి. దానంతటది రాదు.